స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌ను తొట్రుపాటు లేకుండా లోడ్ చేయడం, పట్టుకోవడం ఎలా?

స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్ రైఫిల్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవారికి అది చాలా సులువైన పరికరంగా కనిపిస్తుంది. బ్యారెల్‌ను (గొట్టాన్ని) కిందికి వంచాలి, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టాలి, మూయాలి, ట్రిగ్గర్ నొక్కాలి. ఈ నాలుగు పనులూ పది నిమిషాల్లో వచ్చేస్తాయి. అయితే అవి ప్రతిసారీ ఒకే తీరున, తడబాటు లేకుండా, ఎవరికీ ఏ ప్రమాదమూ కలగకుండా జరగాలంటే కొన్ని వారాల సాధన కావాలి. పది మీటర్ల దూరం నుంచి వరుసగా కాల్చిన ఐదు పెల్లెట్లు వేలిగోరంత చోట పడతాయా, అరచేయంత మేర చెదిరిపోతాయా అన్నది చాలావరకు ఈ సాధన మీదే ఆధారపడి ఉంటుంది. కళ్ళు ఎంత బాగున్నా, రైఫిల్ ఎంత మేలైనదైనా, చేతులు ప్రతిసారీ ఒక్కో రకంగా పనిచేస్తే గురి కుదరదు.

ఎందుకు కుదరదో తెలియాలంటే లోపల జరిగేదేమిటో ముందుగా అర్థం చేసుకోవాలి. బ్యారెల్‌ను వంచినప్పుడు దానికి తగిలించిన ఒక కడ్డీ సిలిండర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. పిస్టన్ వెనక ఉన్న బలమైన స్ప్రింగ్ దానితోపాటు నొక్కుకుపోతుంది. పూర్తిగా వెనక్కి చేరాక సియర్ అనే కొక్కెం పిస్టన్‌ను పట్టి ఆపుతుంది. మనకు వినిపించే ‘క్లిక్’ అదే. ట్రిగ్గర్ నొక్కగానే కొక్కెం తప్పుకుంటుంది, పిస్టన్ ముందుకు దూకుతుంది, దాని ముందున్న గాలి ఒక్కసారిగా నొక్కుకుని సన్నని రంధ్రం గుండా బయటికి వచ్చి పెల్లెట్‌ను తోస్తుంది. బరువైన పిస్టన్ ముందుకు దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి జరుగుతుంది. చివర్లో నొక్కుకున్న గాలి అడ్డుపడి పిస్టన్ ఆగేటప్పుడు రైఫిల్ మళ్ళీ ముందుకు ఊగుతుంది. మందుగుండు తుపాకీలో లేని ఈ రెండు దిక్కుల కుదుపు, పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటకముందే మొదలవుతుంది. అందువల్ల మీరు రైఫిల్‌ను ఎంత బిగువుగా పట్టుకున్నారు, ఎక్కడ పట్టుకున్నారు, చెంప ఎంత ఆనించారు అన్నవన్నీ పెల్లెట్ పడే చోటును మారుస్తాయి. ఈ వ్యాసంలో చెప్పబోయే ప్రతి మాటకూ మూలం ఈ ఒక్క విషయమే. అందరూ ఎక్కువగా వాడేది బ్యారెల్ మధ్యలో మడిచే రకం కాబట్టి ముందుగా దాని గురించే చెబుతాను. కింది మీట, పక్క మీట ఉండే రకాల గురించి తర్వాత వస్తుంది.

చేతిలోకి తీసుకునే ముందు

రైఫిల్‌ను ఎవరు అందించినా, అది ఖాళీగా ఉందని వారు ఎంత గట్టిగా చెప్పినా, లోడ్ అయి ఉన్నదనే భావించండి. గొట్టం మూతి ఎప్పుడూ మనుషులు, జంతువులు లేని సురక్షితమైన దిక్కుకే ఉండాలి. గురి పూర్తిగా కుదిరి, కాల్చాలని నిశ్చయించుకునే వరకూ చూపుడు వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియం లోపలికి వెళ్ళకూడదు. ఆ వేలిని రైఫిల్ చెక్క భాగం పక్కన చాచి ఉంచడం అలవాటు చేసుకోండి. రైఫిల్ స్థితి తెలుసుకోవడానికి బ్యారెల్‌ను గట్టిగా పట్టుకుని కొద్దిగా తెరిచి చూడండి. లోపల పెల్లెట్ ఉంటే అక్కడే కనిపిస్తుంది. వంచుతున్నప్పుడు స్ప్రింగ్ బిగువు తగలకుండా బ్యారెల్ వదులుగా వాలిపోతే స్ప్రింగ్ ఇప్పటికే ఎక్కి (నొక్కుకుని, కాల్చడానికి సిద్ధంగా) ఉందని అర్థం, దాన్ని ఆ స్థితికి తగినట్టుగానే చూడాలి.

లక్ష్యం వెనక ఏముందో చూడకుండా ఒక్క పెల్లెట్ కూడా కాల్చవద్దు. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ మూడు వందల మీటర్లకు పైగా వెళ్ళగలదు, దగ్గర దూరంలో కంటిని పోగొట్టగలదు, ఒంట్లోకి దిగగలదు. లక్ష్యం వెనక పాత వార్తాపత్రికలను గాని, గుడ్డపీలికలను గాని గట్టిగా కూరిన లోతైన పెట్టెను ఉంచి, దాని వెనక ఒక ఇనుప పలకను నిలబెడితే మంచి అడ్డు తయారవుతుంది. పైపైన ఇనుము, రాయి, గట్టి చెక్క ఉన్నచోట కాల్చితే పెల్లెట్ తిరిగి మీ మీదికే రావచ్చు. కాల్చేవారే కాక పక్కన నిలబడి చూసేవారు కూడా కంటి రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. పిల్లలు నేర్చుకుంటుంటే అన్ని వేళలా పెద్దవారు పక్కనే ఉండాలి, దూరం నుంచి కనిపెట్టి ఉండటం చాలదు. మీరున్న చోట ఎయిర్ రైఫిల్ కొనడానికి, ఉంచుకోవడానికి, కాల్చడానికి ఉన్న నిబంధనలను కూడా ముందే తెలుసుకుని పాటించండి.

పెల్లెట్లను సిద్ధం చేసుకోవడం

ఎయిర్ రైఫిళ్ళలో ఎక్కువగా కనిపించేవి 4.5 మిల్లీమీటర్లు, 5.5 మిల్లీమీటర్ల కొలతలు. మొదటి రకం పెల్లెట్లు చాలావరకు 0.45 నుంచి 0.65 గ్రాముల బరువుంటాయి, రెండో రకం సుమారు 0.9 గ్రాముల నుంచి మొదలవుతాయి. మీ రైఫిల్ కొలత బ్యారెల్ మీదో సిలిండర్ మీదో చెక్కి ఉంటుంది, దానికి సరిపోయేవే వాడాలి. స్ప్రింగ్ రైఫిల్‌కు నడిమి బరువు పెల్లెట్లతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. మరీ తేలికైనది త్వరగా తప్పుకోవడంతో పిస్టన్‌కు తగినంత గాలి అడ్డు దొరకక సిలిండర్ కొసకు గట్టిగా కొట్టుకుంటుంది, మరీ బరువైనది ఆలస్యంగా కదలడంతో పిస్టన్ వెనక్కి ఎగిరిపడుతుంది. లోపల గాడులున్న బ్యారెల్‌లో ఉక్కు గుండ్లు వేయడం ఏనాడూ చేయవద్దు. అవి ఆ గాడులను అరగదీస్తాయి.

పెల్లెట్ ఆకారం డమరుకాన్ని పోలి ఉంటుంది. ఒకవైపు గట్టి తల, నడుమ సన్నని నడుము, మరోవైపు లోపల బోలుగా, పలుచగా ఉండే పావడా. వెనక నుంచి గాలి తోసినప్పుడు ఈ పావడా విచ్చుకుని బ్యారెల్ గోడలకు హత్తుకుంటుంది. అంచు ఒక చోట సొట్టపోయినా గాలి ఆ పక్క నుంచి జారుకుంటుంది, పెల్లెట్ దారి తప్పుతుంది. అందుకే కాల్చడానికి కూర్చునే ముందే ఒక ఇరవయ్యో ముప్ఫయ్యో పెల్లెట్లను మెత్తని గుడ్డ మీద ఒలికించి, సొట్టపోయినవాటిని తీసి పక్కన పెట్టండి. డబ్బాలోంచి ఒక్కొక్కటిగా వేళ్ళతో కెలికి తీస్తుంటే మిగిలినవి కూడా పాడవుతాయి, పైగా ప్రతిసారీ చూపు రైఫిల్ మీద నుంచి డబ్బా మీదికి మళ్ళుతుంది.

ఇక్కడ రైఫిల్ అవసరం లేని ఒక అభ్యాసం ఉంది. పెల్లెట్‌ను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య తీసుకుని, కళ్ళు మూసుకుని, తల ఎటుందో పావడా ఎటుందో స్పర్శతో గుర్తుపట్టండి. తర్వాత తల ముందుకు వచ్చేలా వేళ్ళ మధ్యనే తిప్పండి. రోజుకు యాభై సార్లు చొప్పున ఓ వారం చేస్తే, లోడ్ చేయడంలో ఉండే తడబాటులో సగం అక్కడితోనే పోతుంది. కొత్తవారు ఎక్కువగా తడబడేది రైఫిల్‌తో కాదు, ఆ చిన్న సీసపు ముక్కతోనే.

స్ప్రింగ్ ఎక్కించడం

ఇప్పుడు కుడిచేతి వాటం గలవారిని దృష్టిలో ఉంచుకుని చెబుతాను, ఎడమచేతి వాటం గలవారు చేతులను మార్చుకుంటే సరిపోతుంది. నిలబడి ఉంటే రైఫిల్ బట్‌ను (భుజానికి ఆనించే వెనక కొసను) కుడి తుంటి దగ్గర, కూర్చుని ఉంటే కుడి తొడ పైభాగాన ఆనించండి. కుడిచేత్తో పిడిని పట్టుకోండి, చూపుడు వేలు మాత్రం ట్రిగ్గర్ కడియం బయటే చాచి ఉండాలి. మూతి ఎదురుగా లక్ష్యం వైపే ఉండాలి. కొన్ని రైఫిళ్ళలో బ్యారెల్‌ను మూసి ఉంచే పట్టు గట్టిగా ఉంటుంది. ఎడమ అరచేతి మడమతో బ్యారెల్ కొస దగ్గర పైనుంచి చిన్నగా ఒక్క దెబ్బ కొడితే అది విడిపోతుంది. కొట్టేటప్పుడు అరచేయి గొట్టం రంధ్రానికి అడ్డుగా రాకూడదు.

తర్వాత ఎడమచేత్తో బ్యారెల్‌ను వీలైనంత కొస దగ్గర పట్టుకోండి. ముందు గురిమొన చేతికి గుచ్చుకునేలా ఉంటే దాని వెనక పట్టుకోండి, లేదా ఒక తోలు ముక్కను అడ్డుపెట్టుకోండి. బ్యారెల్ ఇక్కడ ఒక మీటలా పనిచేస్తుంది కాబట్టి రెండు వేళ్ళ వెడల్పు లోపలికి పట్టుకున్నా శ్రమ పెరుగుతుంది. మామూలు రైఫిళ్ళను ఎక్కించడానికి పది నుంచి పదిహేను కిలోల బలం పడుతుంది, ఎక్కువ శక్తి గలవాటికి ఇరవై కిలోలకు పైగా కావచ్చు. ఆ బలమంతా మణికట్టు నుంచి రానివ్వకండి. మోచేతిని కొద్దిగా వంచి ఉంచి, భుజాన్నీ నడుము పైభాగపు బరువునూ కిందికి దించుతున్నట్టుగా లాగండి. మధ్యలో ఆగకుండా, కుదుపు లేకుండా, క్లిక్ వినిపించే దాకా ఒకే ఊపున వెళ్ళాలి. గబుక్కున లాగితే కడ్డీ, బ్యారెల్ మడిచేచోట ఉండే ఇరుసు త్వరగా అరుగుతాయి. సగంలో ఆగితే చేయి అలసిపోయి బ్యారెల్ జారే ప్రమాదం ఉంది. క్లిక్ వినిపించాక ఇంకా బలంగా నొక్కవద్దు, అక్కడికి పని పూర్తయింది. చాలా రైఫిళ్ళలో ఈ సమయానికే సేఫ్టీ (ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే మీట) దానంతటదే పడుతుంది. పడిందో లేదో కంటితో చూసి నిర్ధారించుకోండి, పడకపోతే మీరే వేయండి.

ఎక్కించడం బరువుగా తోస్తే సిగ్గుపడి బలవంతం చేయవలసిన పనిలేదు, తక్కువ శక్తి గల రైఫిల్‌ను ఎంచుకోండి. నేర్చుకునేవారికి చేతులు వణికించే రైఫిల్ కన్నా, యాభై సార్లు ఎక్కించినా అలసట రానిది ఎంతో మేలు. ఎక్కించి అలసిన చేతితోనే మళ్ళీ గురి చూడాలి కదా.

బ్యారెల్‌ను వదలకుండా పెల్లెట్ పెట్టడం

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి: తెరిచిన బ్యారెల్‌ను పట్టుకున్న చేయి, బ్యారెల్ మళ్ళీ మూసుకునే వరకూ దాన్ని వదలకూడదు. స్ప్రింగ్ ఎక్కాక బ్యారెల్ వదులుగా వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఇక దాన్ని పట్టుకోవలసిన అవసరం లేదని అనిపిస్తుంది. కానీ ఆ క్షణంలో స్ప్రింగ్‌నంతా ఆపి ఉంచుతున్నది చిన్న కొక్కెం ఒక్కటే. అది అరిగిపోయి జారినా, ట్రిగ్గర్‌కు ఏదైనా తగిలినా, పిస్టన్ ముందుకు దూకుతూ కడ్డీని లాగుతుంది, బ్యారెల్ మెరుపు వేగంతో పైకి లేచి మూసుకుంటుంది. అప్పుడు వేలు దాని దారిలో ఉంటే నలిగిపోతుంది, బ్యారెల్ పైకి వంగిపోవచ్చు, చెక్క చీలిపోవచ్చు. బ్యారెల్ తెరిచి ఉండగా ట్రిగ్గర్ కదలకుండా చేసే ఏర్పాటు చాలా రైఫిళ్ళలో ఉంటుంది. అది ఉందని చేయి వదలడం మాత్రం తప్పు. నేర్చుకునే రోజుల్లో నేనూ కొన్నాళ్ళు పెల్లెట్ వెతుక్కోవడానికి రెండు చేతులూ వదిలేసేవాణ్ణి. పక్కనున్న ఒక అనుభవజ్ఞుడు ఏమీ అనకుండా వచ్చి నా బ్యారెల్‌ను తన చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆ తర్వాత మళ్ళీ అలా చేయలేదు.

ఎడమచేయి బ్యారెల్ కొసను కింద నొక్కి పట్టి ఉండగా, బట్‌ను తుంటికీ ముంజేతికీ మధ్య అదిమి ఉంచి, కుడిచేతిని పిడి మీద నుంచి తీసి పెల్లెట్‌ను అందుకోండి. పెల్లెట్లు కుడివైపున, ఎత్తైన చోట, చేయి చాచితే అందేలా ముందే పెట్టుకుని ఉండాలి. తల ముందుకు, అంటే గొట్టం మూతి వైపుకు వచ్చేలా బ్యారెల్ రంధ్రంలో నిటారుగా పెట్టి, బొటనవేలి కండతో సమంగా నొక్కండి. గోరుతో నొక్కితే పలుచని పావడా సొట్టపోతుంది. పావడా అంచు బ్యారెల్ ముఖంతో సమానంగా గాని, వెంట్రుకవాసి లోపలికి గాని ఉండాలి. ఒక్క చోట పైకి పొడుచుకు వచ్చినా మూసేటప్పుడు అది నలిగిపోతుంది, ఆ గుండు ఎక్కడ పడుతుందో చెప్పలేం. కొందరు పెల్లెట్‌ను కొంచెం లోపలికి దింపడానికి పెన్ను మూతలాంటి గుండ్రని కొస గల పనిముట్టును వాడతారు. అలా చేసినా మానినా తేడా అంతగా ఉండకపోవచ్చు, ప్రతి పెల్లెట్‌నూ ఒకే లోతున దింపడం మాత్రం ముఖ్యం. పెట్టాక వేలికొనతో ఒకసారి తడిమి చూడండి, కంటికి కనపడని ఎత్తు వేలికి తెలుస్తుంది.

బ్యారెల్ వెనక ముఖం చుట్టూ రబ్బరుదో తోలుదో ఒక సన్నని వాషర్ కనిపిస్తుంది, కొన్నింటిలో అది ఎదురుగా సిలిండర్ ముఖం మీద ఉంటుంది. గాలి లీక్ కాకుండా ఆపేది అదే. పెల్లెట్ పెట్టే ప్రతిసారీ దాని మీద సీసపు రజను గాని గడ్డిపోచ గాని లేకుండా చూడటానికి ఒక్క క్షణం చాలు.

మూయడం

ఎక్కించిన చేతితోనే, అదే పట్టుతో, బ్యారెల్‌ను మెల్లగా పైకి తెచ్చి మూయండి. సినిమాలలో చూపించినట్టు మణికట్టు విసురుతో ఠప్పున మూస్తే ఇరుసు వదులవుతుంది, బ్యారెల్ ప్రతిసారీ ఒక్కోలా కూర్చుంటుంది, గురి చెదురుతుంది. చివరి రెండు అంగుళాల దగ్గర కొద్దిగా బలం పెంచి, పట్టు పడిన చప్పుడు వినిపించేదాకా నొక్కండి. తర్వాత బ్యారెల్‌ను కొంచెం కదిపి చూడండి, పక్కలకు గాని పైకి గాని ఊగకూడదు. ఊగితే ఇరుసు స్క్రూ బిగించవలసి ఉందన్నమాట. ఇప్పుడు మాత్రమే ఎడమచేయి బ్యారెల్‌ను వదిలి ముందు చెక్క కిందికి వెళ్తుంది, కుడిచేయి పిడికి తిరిగి వస్తుంది.

కింది మీట, పక్క మీట గల రైఫిళ్ళలో బ్యారెల్ కదలదు, వేరే కడ్డీని లాగితే స్ప్రింగ్ ఎక్కుతుంది. వీటిలో కొన్నింటికి సిలిండర్ భాగం వెనక్కి జరిగి బ్యారెల్ ముఖం బయటపడుతుంది. పెల్లెట్ పెట్టడానికి వేలిని ఆ సందులోకే పోనివ్వాలి. కొక్కెం జారితే ఆ సందు కత్తెరలా మూసుకుంటుంది, వేలి కొస తెగిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. కాబట్టి మీటను ఒక చేత్తో చివరిదాకా లాగి అక్కడే గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పెల్లెట్ పెట్టి, వేలు బయటికి వచ్చాకే మీటను తిరిగి చేర్చాలి. జరిగే భాగానికి ఆపుడు బొత్తం ఉన్నా ఈ నియమంలో మార్పు లేదు.

పట్టు, ట్రిగ్గర్

రెండు దిక్కుల కుదుపు సంగతి పైన చెప్పుకున్నాం. దాన్ని బలంతో అణచడం ఎవరికీ సాధ్యం కాదు, ఎందుకంటే మన కండరాలు ప్రతిసారీ ఒకే బలంతో బిగుసుకోలేవు. అందుకే కొన్ని పాత పోటీ రైఫిళ్ళలో కాల్చగానే రైఫిల్ పైభాగమంతా చిన్న పట్టాల మీద వెనక్కి జరిగే ఏర్పాటు చేశారు. అటువంటి ఏర్పాటు లేని మామూలు రైఫిల్‌తో ఆ పని మన చేతులే చేయాలి, అంటే దాన్ని స్వేచ్ఛగా కదలనివ్వాలి. దీన్ని ఆర్టిలరీ హోల్డ్ అంటారు. ఫిరంగి పేలినప్పుడు అది తన బండి మీద వెనక్కి జరిగి ఆగినట్టే రైఫిల్ కూడా మన చేతి మీద జరగాలి.

ముందుగా రైఫిల్ ఏ చోట తూకంగా నిలుస్తుందో చూసుకోండి. సాధారణంగా అది ట్రిగ్గర్ కడియానికి కొద్దిగా ముందు ఉంటుంది. ఎడమ అరచేతిని చాచి ఆ చోట కింద దిండులా ఉంచండి, వేళ్ళతో చెక్కను చుట్టి బిగించవద్దు. కుడిచేత్తో పిడిని పక్షిపిల్లను పట్టుకున్నంత సుకుమారంగా పట్టుకోండి. బట్ భుజానికి తగిలీ తగలనట్టు ఉండాలి, చెంప చెక్క మీద బరువు వేయకుండా ఆనాలి. సంచి మీదో బల్ల మీదో ఆనించి కాల్చేటప్పుడు కూడా రైఫిల్‌ను నేరుగా వాటి మీద పెట్టకుండా మధ్యలో మీ అరచేతిని ఉంచండి. గట్టి వస్తువు మీద నేరుగా ఆనిస్తే రైఫిల్ ఎగిరి పెల్లెట్లు ఎక్కువగా పైకి పడతాయి. ఎడమచేతిని రెండు అంగుళాలు ముందుకు గాని వెనక్కి గాని జరిపి ఐదేసి పెల్లెట్లు కాల్చి చూస్తే, మీ రైఫిల్‌కు ఏ చోటు నచ్చుతుందో మీకే తెలుస్తుంది. ఆ చోట చెక్క మీద చిన్న టేపు ముక్క అంటించుకోండి, ఇక ప్రతిసారీ చేయి అక్కడికే వెళ్తుంది.

గురి కుదిరాక సేఫ్టీ తీసి, చూపుడు వేలి మొదటి కణుపు మెత్తని భాగాన్ని ట్రిగ్గర్ మీద ఉంచండి. చాలా ట్రిగ్గర్లకు రెండు దశలుంటాయి. మొదటి దశలో తేలికగా వెనక్కి వచ్చి ఒకచోట అడ్డు తగులుతుంది. అక్కడ ఆగి, ఊపిరి సగం వదిలి, గురి ఇంకా నిలిచి ఉందో లేదో చూసుకుని, అక్కడ నుంచి కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచండి. ఏడెనిమిది సెకన్లలో పేలకపోతే వేలు తీసేసి, ఊపిరి పీల్చుకుని మొదటి నుంచి మొదలుపెట్టండి. పెల్లెట్ వెళ్ళిన తర్వాత కూడా తల ఎత్తకండి. గురిమొన లక్ష్యం మీద తిరిగి ఎక్కడ నిలిచిందో చూసేదాకా ఒకటి రెండు సెకన్లు అలాగే ఉండండి. పెల్లెట్ పడిన చోటును చూడాలనే ఆత్రుతతో తల ఎత్తేవారి గుండ్లు లక్ష్యానికి పక్కన పడుతుంటాయి.

చేయకూడనివి, మధ్యలో ఆపవలసి వస్తే

పెల్లెట్ లేకుండా కాల్చవద్దు. పెల్లెట్ లేనప్పుడు గాలికి ఎదురు ఉండదు, పిస్టన్ నేరుగా సిలిండర్ కొసకు బలంగా కొట్టుకుని దాని సీల్‌నూ (గాలి జారకుండా ఆపే బిళ్ళనూ) స్ప్రింగ్‌నూ పాడుచేస్తుంది. అందువల్ల ‘ఉత్తినే ఎక్కించి నొక్కి చూద్దాం’ అనే సాధన స్ప్రింగ్ రైఫిల్‌తో కుదరదు. ఎక్కించకుండా భుజానికెత్తి పట్టును సాధన చేయవచ్చు.

ఎక్కించాక ఎవరైనా ఎదురుగా వస్తే, లేదా పని ఆపవలసి వస్తే, అన్నిటికన్నా సురక్షితమైన దారి వారిని పక్కకు రమ్మని చెప్పి ఆ పెల్లెట్‌ను లక్ష్యం వెనకనున్న అడ్డులోకి కాల్చేయడం. బ్యారెల్‌ను పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి స్ప్రింగ్‌ను మెల్లగా దించే పద్ధతి కొన్ని రైఫిళ్ళలో ఉంది. అయితే అన్నిటిలో కుదరదు, చేయి జారితే బ్యారెల్ మీ మీదికే దూకుతుంది. రైఫిల్‌తో వచ్చిన సూచనల పుస్తకం ఆ పద్ధతిని వివరంగా చెబితే తప్ప ప్రయత్నించవద్దు. ఎక్కించిన రైఫిల్‌ను గోడకు ఆనించి వదిలి వెళ్ళకూడదు. అది ప్రమాదం, పైగా గంటల తరబడి నొక్కుకుని ఉంటే స్ప్రింగ్ బిగువు తగ్గిపోతుంది.

మొదటి కొన్ని రోజులు

వేగాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. మొదటి రోజు ఇరవై పెల్లెట్లు చాలు, ప్రతిదాన్నీ ఒకే వరుసలో: బట్ తుంటికి, మూతి లక్ష్యం వైపు, ఒకే ఊపున క్లిక్ దాకా, చేయి వదలకుండా పెల్లెట్, వేలితో తడిమి చూడటం, మెల్లగా మూయడం, చేయి టేపు ముక్క దగ్గరికి. నోటితో పైకి చెప్పుకుంటూ చేస్తే ఇంకా మంచిది. వారం గడిచేసరికి మాటలు ఆగిపోయి చేతులే చేసుకుపోతాయి. ఐదు మీటర్ల దూరంతో మొదలుపెట్టి, ఐదు పెల్లెట్లు ఒకే చోట పడుతున్నాకే పది మీటర్లకు వెళ్ళండి. చాలాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మొదటి రెండు మూడు పెల్లెట్లు కొంచెం తేడాగా పడటం మామూలే, వాటిని చూసి గురి సర్దవద్దు.

కొత్త రైఫిల్ మొదట్లో పొగలు కక్కుతూ పెద్దగా పేలుతుంటే, తయారీలో సిలిండర్‌లో మిగిలిన నూనె కాలుతోందని అర్థం. కొన్ని వందల పెల్లెట్ల తర్వాత అది తగ్గుతుంది. తగ్గించాలని మరింత నూనె వేయకండి, మామూలు నూనె సిలిండర్‌లోకి పోతే పేలుడు ఇంకా పెరిగి సీల్ కాలిపోతుంది. గురి అకస్మాత్తుగా చెదిరితే మొట్టమొదట చెక్కను పట్టి ఉంచే స్క్రూలను చూడండి. ఈ కుదుపుకు అవి తరచూ వదులవుతాయి, నా అనుభవంలో సగం ‘గురి పోయింది’ ఫిర్యాదులకు కారణం అవే. స్కోప్ (గురి చూసే దుర్భిణి) పెట్టుకునేవారు స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు తట్టుకునేలా చేసినదే తీసుకోవాలి, ముందుకు ఊగే కుదుపును ఊహించని మామూలు స్కోప్ లోపలి అద్దాలు వదులైపోతాయి.

ఆ రోజుకు పని అయిపోయాక బ్యారెల్ తెరిచి ఖాళీగా ఉందని మరోసారి చూడండి. చేతి చెమట తగిలిన ఇనుప భాగాలను నూనె గుడ్డతో పలుచగా తుడిచి, స్ప్రింగ్ ఎక్కించని స్థితిలో రైఫిల్‌ను తాళం వేసిన చోట, పెల్లెట్లను వేరే చోట పెట్టండి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి, తినడానికి గాని ముఖం ముట్టుకోవడానికి గాని ముందు చేతులను సబ్బుతో కడుక్కోండి.